రెండు బండ్లలోనూ అదే స్తంభం

3, సోమవారం

పొద్దున బావమరిది పాత బండి కిందనుంచి బయటికొచ్చి, చేతులు గుడ్డకి తుడుచుకుంటూ, "బావా, గేర్‌బాక్స్ పని అయిపోయింది. లాగితే ఇంకో నెల లాగుతుంది. ఆ తర్వాత నన్నడక్కు," అన్నాడు. మధ్యాహ్నం కళ్ళ డాక్టరమ్మ నాకూ దాదాపు అదే చెప్పింది. బండికీ, బండి నేర్పేవాడికీ ఒకే రోజు జాతకం చెప్పేశారు.

నీటికాసులట. గిన్నెలాంటి మిషన్లో తల పెట్టించి, వెలుగు చుక్క కనబడ్డప్పుడల్లా మీట నొక్కమన్నారు. నేను బాగానే నొక్కాననుకున్నాను. తర్వాత కాగితం చూపించింది. నడిమధ్య తెల్లగా ఉంది, చుట్టూ నల్లగా ఉంది. "అసలు అటుపక్క చుక్కలు వచ్చాయా డాక్టరమ్మా?" అనడిగాను. వచ్చాయంది. ఎదురుగా ఉన్నది కనబడుతుందట. పక్క చూపు రెండు కళ్ళకీ పోయింది, ఎడమవైపు మరీ ఎక్కువ. పోయింది తిరిగి రాదు, మందు చుక్కలు వేసుకుంటే ఉన్నది నిలబడుతుంది.

"మీరేం పని చేస్తారు?" అంది.

"డ్రైవింగ్ స్కూలు."

పెన్ను కింద పెట్టేసింది. "మానెయ్యండి. నడపడం, నేర్పడం రెండూ. ఇవాళ్టి నుంచే."

బయటికొచ్చి బండి తోలుకుంటూ ఇంటికొచ్చాను. ఒక్క గీత పడలేదు. మా ఆవిడ కుట్టుమిషను ఆపి ఏమన్నారని అడిగితే కళ్ళజోడు మార్చాలట అన్నాను.

4, మంగళవారం

చుక్కలు వేసుకున్నాను. మండుతున్నాయి.

6, గురువారం

ఇప్పటి బండ్లకి కళ్ళున్నాయట! ఆ డాక్టరమ్మకి ఈ సంగతి తెలిసినట్టు లేదు. మనిషి చూడకపోయినా బండి చూస్తుంది, కూస్తుంది, దీపం వెలిగిస్తుంది. అలాంటప్పుడు నాకు పక్క చూపు ఎందుకు? ఎలాగూ పాత బండి పోతోంది. కొత్తది మంచిదే కొంటే నా సమస్యా తీరుతుంది.

మా ఆవిడని తీసుకుని రెండు షోరూములూ తిరిగాను. చిన్న ఎస్‌యూవీలు రెండున్నాయి, ఒకదానికొకటి పోటీ. ఊళ్ళో సగంమంది ఇది గొప్పంటే సగంమంది అది గొప్పని కొట్టుకుంటున్నారు. మొదటిది ఎర్రది, రొమ్ము విరుచుకుని నిలబడింది. దానికి పుంజు అని పేరు పెట్టాను. రెండోది తెల్లది, ఒళ్ళంతా మెరుపు. దాని పేరు పెళ్ళికొడుకు. మా ఆవిడ నవ్వింది. ఈమధ్య నవ్వడం అరుదు.

పుంజు దగ్గర టై కట్టుకున్న సేల్స్ అతను పైన కప్పు తెరిచి, "చూడండి సార్, ఆకాశం!" అన్నాడు. "ఆకాశం మా డాబా మీద ఊరికే కనబడుతుంది నాయనా, పక్కనొచ్చే బండి ఎలా కనబడుతుందో చెప్పు," అన్నాను. దాని పక్క అద్దంలో చిన్న పసుపు దీపం ఉందట, మన చూపుకి అందనిచోట ఏదైనా వస్తే వెలుగుతుందట. పెళ్ళికొడుక్కి నాలుగు పక్కలా కెమెరాలు. బండిని పైనుంచి గద్ద చూసినట్టు తెరమీద చూపిస్తుంది. రెండూ నాకు నచ్చాయి. మా ఆవిడ మాత్రం డిక్కీ తెరిచి చేతులు చాచి కొలుచుకుంది. స్కూలు పిల్లల యూనిఫాములు కుట్టి మూటలు కట్టి పంపుతుంది కదా, దాని లెక్క దానిది. "ఎక్కడానికి ఎత్తు బానే ఉంది, నా మోకాళ్ళు ఒప్పుకుంటాయి," అంది.

శనివారం పుంజు, ఆదివారం పెళ్ళికొడుకు టెస్ట్ డ్రైవ్.

8, శనివారం

పుంజు పనికిరాదు. ఎందుకో రాసి పెట్టుకుంటున్నాను, తర్వాత ఎవడైనా వచ్చి ఇదే గొప్పదని వాగితే మొహాన కొట్టడానికి.

ముందు అద్దానికీ తలుపుకీ మధ్య ఉన్న స్తంభం మరీ లావు. దాని వెనక ఏనుగు దాక్కున్నా కనబడదు. మలుపు తిప్పుతుంటే ఎడమవైపునుంచి స్కూటరొకటి ఊడిపడింది. టై అతను "సార్ సార్ సార్!" అని హ్యాండ్ బ్రేకు లాగేశాడు. స్కూటరతను తిట్టిన తిట్లు నా సర్వీసులో నేను వినలేదు. నేను నేర్పేవాణ్ణి, నన్నే తిడతాడా!

"మీ పసుపు దీపం వెలగలేదేం?" అని టై అతన్ని నిలదీశాను.

"వెలిగింది సార్. కూత కూడా పెట్టింది."

కూత విన్నమాట నిజమే. అది వాడి ఫోననుకున్నాను. దీపం మాత్రం వెలగలేదు. లేదా ఎండలో కనబడి ఉండదు. అంత చిన్న దీపం అంత దూరంగా పక్కకి పెడితే ఎవడికి కనబడుతుంది?

మా ఆవిడ వెనక సీట్లో కూర్చుని ఉంది. ఇంటికొచ్చాక చెప్పులు విప్పుతూ, "స్తంభం లావా?" అని మాత్రం అంది.

"లావే."

9, ఆదివారం

పెళ్ళికొడుక్కీ అదే స్తంభం! ఏమిటీ ఖర్మ? రెండు కంపెనీలూ పైకి పోట్లాడుకుంటూ లోపల ఒకే కొట్లో కొంటున్నట్టున్నాయి. ఫుట్‌పాత్ అంచుకి చక్రం రాసుకుంది. తెర చూస్తే రోడ్డు పోతోంది, రోడ్డు చూస్తే తెర పోతోంది. గద్దచూపు గద్దకే పనికొస్తుంది.

బావమరిది కూడా వచ్చాడు. దిగాక బానెట్ మీద తట్టి, "ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది బావా," అన్నాడు పళ్ళికిలిస్తూ. వాడు వేళాకోళానికే అన్నాడు. నేను మాత్రం దారిపొడుగునా వాడితో మాట్లాడలేదు.

10, సోమవారం

పాత బండిలో స్తంభం ఇంత లావు లేదు. ఇవాళ కొలిచి చూశాను.

అదే లావు ఉంది.

12, బుధవారం

ఇప్పుడు నేర్చుకుంటున్న వాళ్ళలో నర్సమ్మ ఒకతి. పెద్దాసుపత్రిలో డ్యూటీ దిగి తిన్నగా వస్తుంది. భయస్తురాలే గాని శ్రద్ధ ఉంది. రాత్రి డ్యూటీలకి బస్సుండదు, అందుకని ఆమెకి బండి కావాలి.

ఇవాళ బజారు రోడ్డు మీద ఉన్నట్టుండి బ్రేకు తొక్కేసింది. నేను ముందుకి తూలాను. తిట్టబోయి చూస్తే, బానెట్ ముందునుంచి ఒక ముసలాయన సంచీ పట్టుకుని తీరిగ్గా దాటుతున్నాడు. ఎడమవైపునుంచి వచ్చాడు. నా పక్కనుంచి, నా తలుపు పక్కనుంచి! నాకు కనబడలేదు. నా కాలికింద ఇంకో బ్రేకు ఉంది. నేర్పేవాడు తొక్కడానికే అది ఉంది. నా కాలు కదల్లేదు.

నర్సమ్మ చెమట తుడుచుకుని, నావైపు తిరిగి మొహమంతా నవ్వుతో, "పరీక్ష పెట్టారు కదా మాస్టారూ! నేను చూస్తానో లేదోనని!" అంది.

ఊళ్ళో నన్ను మూగ మాస్టారంటారు. అవతలి వీధిలో స్కూలు పెట్టినవాడు అరుపుల మాస్టారు. వాడు శిష్యుల చెవులు చిల్లులు పడేలా అరుస్తాడు. నేను అరవను. చివరిదాకా చూసి, వాళ్ళు తొక్కకపోతేనే నేను తొక్కుతాను. అప్పుడే జన్మలో మర్చిపోరు. ఆ పేరు చూసే జనం నా దగ్గరికొస్తారు. నర్సమ్మ తప్పేముంది, అలాగే అనుకుంది.

"అవునమ్మా, పరీక్షే. పాసయ్యావు," అన్నాను.

13, గురువారం

పరీక్షే అనుకుంటే పరీక్షే. ఎవరికి నష్టం?

16, ఆదివారం

మా ఆవిడకి ఇల్లు సర్దే పిచ్చి పట్టింది. నడవలో స్టూలు తీసేసింది. మంచినీళ్ళ గ్లాసు బల్ల చివర పెట్టేది, ఇప్పుడు సరిగ్గా నా ముక్కుకెదురుగా పెడుతోంది. తలుపులు సగం తీసి ఉంచకుండా గోడకి పూర్తిగా ఆనించి పెడుతోంది. ఏమిటిదంతా అంటే, "ఊరికే, చోటు కలిసొస్తుందని," అంది.

ఎడమ భుజం మీద కమిలింది. ఎక్కడ తగిలిందో గుర్తులేదు.

బండి సంగతి తేల్చాలి. తేల్చకపోతే పిచ్చెక్కేలా ఉంది. మైలేజీ రెండూ ఒకటే. పుంజు ఇంజను పొగరుగా లాగుతుంది, గతుకుల్లో మాత్రం నడుము విరుగుతుంది. పెళ్ళికొడుకు మెత్తన, డిక్కీ పెద్దది. తలుపు వేసినప్పుడు పుంజుది ఇనప్పెట్టె చప్పుడు, నాకదే నచ్చుతుంది. ఇన్నేళ్ళ సర్వీసులో నాకు తెలిసినంత ఈ టై కట్టినవాళ్ళకేం తెలుసు? శిష్యుడు క్లచ్చి మీద కాలు పెట్టే తీరు చూసి వాడు ఇంట్లో పెళ్ళాంతో ఎలా ఉంటాడో చెప్పగలను. ఇది తీసేస్తే నేనెవణ్ణి? పొద్దున లేచి ఎక్కడికెళ్ళాలి? యూనిఫాములకి గుండీలు కుట్టుకుంటూ కూర్చోవాలా? సూదిలో దారం ఎక్కించగలను, ఎదురుగా ఉంటుంది కదా. అంతవరకు నాకు మిగిలింది.

18, మంగళవారం

బావమరిది రెండు బండ్ల కిందా దూరి చూసొచ్చాడు. నేర్పడానికి రెండో బ్రేకు వెయ్యాలంటే పుంజులోనే కుదురుతుందట. పెళ్ళికొడుకు అడుగున అంతా కెమెరాల వైర్లే, వాటిని కదిపితే కంపెనీ ఒప్పుకోదు.

అంటే పుంజు కొంటే స్కూలుంటుంది. పెళ్ళికొడుకుని కొంటే కెమెరాలుంటాయి, స్కూలుండదు.

"ఏదంటావు బావా?" అన్నాడు.

"పుంజే! ఆలోచించేదేముంది? శనివారం వెళ్ళి అడ్వాన్సు ఇచ్చేద్దాం."

వాడు పానా అటూ ఇటూ తిప్పుతూ నిలబడ్డాడు. "అక్కతో ఒకసారి మాట్లాడు బావా," అన్నాడు. ఏం మాట్లాడమంటావంటే, "ఏమో, మాట్లాడు," అని మళ్ళీ బండి కిందకి దూరిపోయాడు. ఈ అక్కాతమ్ముళ్ళు నా వెనక ఏదో గూడుపుఠాణీ చేస్తున్నారు.

20, గురువారం

ఎడమకి తిరగాలి. చాలా మామూలు మలుపు, వెయ్యిసార్లు తిప్పించాను. నర్సమ్మ సిగ్నల్ వేసింది, నెమ్మది చేసింది. కుడి తను చూసుకుంది. "ఇవాళ పరీక్ష వద్దు మాస్టారూ, డ్యూటీ చేసి అలిసిపోయి ఉన్నాను. మీవైపు ఎవరూ లేరు కదా, వెళ్ళొచ్చా?" అంది.

తల తిప్పి చూశాను. చూశాను, నిజంగా చూశాను.

"వెళ్ళు," అన్నాను.

సైకిలు. తాపీమేస్త్రీ, పనికి వెళ్తున్నాడు. కుడి మణికట్టు విరిగింది, భుజం ఎముక కూడా. తాపీ రోడ్డు మీద పడి చాలాసేపు గిరగిరా తిరిగింది, లేదా నాకలా అనిపించింది.

నర్సమ్మే దిగి, తన చున్నీతో అతని చెయ్యి కట్టింది. కడుతూ ఏడుస్తూ, "నా తప్పే అన్నా, నేనే చూసుకోవాల్సింది, నా తప్పే," అంటోంది. గుమిగూడిన జనంలోంచి ఎవడో, "ఆడవాళ్ళ చేతికి స్టీరింగిస్తే ఇంతే," అన్నాడు. పోలీసాయన వచ్చి ఎవరు నడిపారని అడిగితే నర్సమ్మ చెయ్యెత్తింది.

నన్నెవరూ ఏమీ అడగలేదు.

21, శుక్రవారం

అడగలేదు. నేను చెప్పలేదు.

22, శనివారం

అడ్వాన్సు ఇవ్వడానికి తెల్లచొక్కా వేసుకుని నిలబడ్డాను. ఎలా వేసుకున్నానో నాకే తెలీదు. మా ఆవిడ కుట్టుమిషను ముందునుంచి లేవలేదు.

"పోదామా?"

"ఎక్కడికి?" అంది.

"పుంజుకి అడ్వాన్సు."

దారం కొరికి పక్కన పెట్టింది. "మందులషాపాయన అడిగాడు, మాస్టారుకి నీటికాసులు ఎప్పట్నుంచమ్మా అని. కళ్ళజోడు మార్చుకోబోయేవాళ్ళు ఆ చుక్కలు వేసుకోరట." అరవలేదు, ఏడవలేదు, కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినట్టు చెప్పింది. "అంతకుముందే తెలిసింది లెండి. ఒక బండిలో స్తంభం లావంటే సరే అనుకున్నాను. రెండో బండిలోనూ లావన్నారు. తర్వాత మన పాత బండి స్తంభానికి టేపు పెట్టి కొలుస్తుంటే కిటికీలోంచి చూశాను. స్తంభం బండిలో లేదండీ."

"తెలిసీ ఎందుకూరుకున్నావు?"

"మీ నోటితో చెబుతారని."

"చెప్పకపోతే?"

"చెబుతారని," అంది మళ్ళీ. అప్పుడు ఏడ్చింది. "మీ శిష్యులకి మీరు చేసినట్టే చేశాను. చివరిదాకా చూద్దాం, మీరే తొక్కుతారనుకున్నాను. గోటితో పోయేది గొడ్డలిదాకా తెచ్చుకున్నాం. ఆ మేస్త్రీ పెళ్ళాం నిన్న ఆసుపత్రి మెట్లమీద కూర్చునుంది. చూసొచ్చాను. ఆవిడ పక్కన కూర్చోడానికి కూడా నాకు మొహం చెల్లలేదు."

కుట్టవలసిన చొక్కాలు ఒళ్ళో పెట్టుకుని తను, తెల్లచొక్కాలో నేను. చచ్చిపోతే బాగుండుననిపించింది. ఇది రాయకూడదు, రాశాను.

24, సోమవారం

ఆసుపత్రికి బస్సులో వెళ్ళాను. బస్సు ఎక్కడం కూడా మర్చిపోయాను. కండక్టరు టికెట్టు పట్టుకుని నా పక్కన ఎంతసేపు నిలబడ్డాడో, చివరికి భుజం తట్టాడు.

ముందు మేస్త్రీ దగ్గరికి వెళ్ళాను. నేను అనుకున్నదానికన్నా చిన్నవాడు. చేతికి పిండికట్టు. "నాకు చూపు లేదయ్యా. వెళ్ళమంది నేనే. ఆమె కాదు," అన్నాను. అతనికి సరిగా అర్థం కాలేదు. "చూపు లేకుండా బండెలా నేర్పుతున్నారు సార్?" అన్నాడు. తిట్టడానికి కాదు, తెలుసుకోవాలని అడిగాడు. అతని భార్య మాత్రం గోడవైపు తిరిగి కూర్చుంది. నేను వెళ్ళేదాకా ఇటు తిరగలేదు.

నర్సమ్మ డ్యూటీ గదిలో ఉంది. నన్ను చూసి లేచి, "మాస్టారూ, ఇక నేను బండి ముట్టుకోను, నావల్ల కాదు," అని మొదలుపెట్టింది. చెప్పేశాను. అక్కడే, నిలబడే, ఒక్క గుక్కలో.

"మరి ఆ ముసలాయన? పరీక్షన్నారు కదా?"

"ఆ రోజూ కనబడలేదమ్మా."

ఆమె ఎక్కడుందో నాకు కాసేపు తెలియలేదు. చూపులోంచి పక్కకి పోయింది. కుర్చీ లాగిన చప్పుడయింది. కుర్చీ తెచ్చుకుని సరిగ్గా నాకెదురుగా, నాకు కనబడేచోట వేసుకుని కూర్చుంది. నన్నూ కూర్చోమంది. అప్పుడు తిట్టింది. జీవితంలో నన్నెవరూ అలా తిట్టలేదు. నాలుగు రోజులుగా అన్నం సయించలేదట. కళ్ళు మూస్తే తాపీ తిరుగుతున్నట్టే ఉందట. చేతుల మీద ఇంకొకరి ప్రాణం పెట్టుకుని పనిచేసేదాన్ని, నాకే ఇలా చేశారేమిటి మాస్టారూ అంది. అన్నీ నిజాలే. తల దించుకోబోతే, "దించకండి, నన్ను చూడండి," అంది. చూశాను.

క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు.

అక్కణ్ణుంచి పోలీసుస్టేషను. చెప్పవలసింది చెప్పి, లైసెన్సు బల్లమీద పెట్టి వచ్చాను. ఆ పోలీసాయన కొడుకు నా శిష్యుడేనట. "మీరా మాస్టారూ!" అన్నాడు. ఆ మాట చెవుల్లోంచి పోవడంలేదు.

25, మంగళవారం

బావమరిది వచ్చి స్కూలు బోర్డు దింపాడు. పాత బండిలోంచి రెండో బ్రేకు ఊడదీశాడు. తొక్కితొక్కి దాని రబ్బరు నున్నగా అరిగిపోయింది. "ఇది ఉంచుకుంటావా బావా?" అన్నాడు.

"పాతసామాన్లో పడెయ్."

వాడు పడెయ్యలేదు, జేబులో పెట్టుకున్నాడు. నేను చూడలేదనుకున్నాడు. నిజానికి అది నాకెదురుగానే జరిగింది.

2, మంగళవారం

ఏమీ లేదు.

9, మంగళవారం

గుండీలు కుడుతున్నాను. మా ఆవిడ ఏమీ అనకుండా సగం మళ్ళీ కుడుతోంది.

19, శుక్రవారం

పొద్దున మా ఆవిడ చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, పాత కాన్వాసు బూట్లు వేసుకుని బయల్దేరింది. ఎక్కడికంటే డ్రైవింగ్ నేర్చుకోడానికట. చేరి అప్పుడే వారమైందట. ఎవరి దగ్గరంటే, అరుపుల మాస్టారు దగ్గర! ఇంట్లోనే ఇంత అనుభవం కూర్చునుంటే, పోయిపోయి ఆ గొంతుచించుకునేవాడి దగ్గరా?

"వాడికేం తెలుసని! నేను పక్కన కూర్చుని చెప్పకూడదా?"

గుమ్మంలో ఆగింది. జవాబు దాని నోటిదాకా వచ్చింది. అనలేదు. అనకుండా వెళ్ళిపోయింది.

అది అనకుండా మింగిన మాట పొద్దుట్నుంచి ఇంట్లో నాతోనే ఉంది.

25, ఆదివారం

నెల గడిచిపోయింది. రాయడానికి ఏముంది?

ఇవాళ బండి వచ్చింది. పెళ్ళికొడుకే. మా ఆవిడే ఎంచింది. "నాకు కొత్త కదండీ, నాలుగు కళ్ళు ఎక్కువుంటే మంచిదే," అంది. డిక్కీలో మూటలు పట్టాయి. నేను పుంజే గొప్పదని ఒక్కసారంటే ఒక్కసారి అన్నాను. ఎవరూ పట్టించుకోలేదు.

షోరూము నుంచి తనే నడిపింది. నేను పక్కసీట్లో కూర్చున్నాను. జీవితమంతా ఈ పక్కసీట్లోనే కూర్చున్నాను కాబట్టి కొత్తేమీ కాదనుకున్నాను. వాడు బాగానే నేర్పాడు, ఒప్పుకోవాలి. క్లచ్చి మెత్తగా వదిలింది, అద్దాలు చూసింది, మలుపులో భుజం మీదుగా తల తిప్పి చూసింది. ఒక్క తప్పు దొరికితే చెబుదామని దారిపొడుగునా కాచుకుని కూర్చున్నాను. దొరకలేదు.

తాపీమేస్త్రీ ఇంటి వీధి దగ్గర ఎడమకి తిప్పాలి. చెయ్యి ఇంకా పూర్తిగా మూసుకోవడం లేదట, మా ఆవిడ వారానికోసారి వెళ్ళి వస్తోంది. సిగ్నల్ వేసింది, నెమ్మది చేసింది. ఉన్నట్టుండి బండి కూసింది.

నా కుడికాలు దానంతట అది లేచి బ్రేకు తొక్కింది. గట్టిగా, మోకాలు బిగుసుకునేలా. కింద మెత్తటి కొత్త పట్టా తప్ప ఏమీ లేదు.

"ఏముంది? ఏమొచ్చింది?" అన్నాను.

"సైకిలండీ."

ఎటు చూసినా నాకు రోడ్డొకటే కనబడుతోంది. కాలు తియ్యడానికి భయమేసింది.

"వెళ్ళిపోయాడా?"

మా ఆవిడ నా కాలువైపు చూసింది, మళ్ళీ రోడ్డువైపు చూసింది.

"ఎప్పుడో," అంది.